వెన్ను చూపి గెలిచిన వింగర్: యారోమీర్ యాగర్ అన్నేళ్ళు ఎలా ఆడాడు

2013 జూన్ 5. బోస్టన్‌లో ఐస్ హాకీ జట్లు బ్రూయిన్స్‌కీ పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కీ మధ్య కాన్ఫరెన్స్ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) మూడో మ్యాచ్. స్కోరు 1-1 దగ్గరే ఆగిపోయింది, మొదటి ఓవర్‌టైమ్ అయిపోయి రెండోది నడుస్తోంది, ఆటగాళ్ళందరికీ కాళ్ళు లాగేస్తున్నాయి. రింక్ చుట్టూ గోడలా ఉండే బోర్డుల పక్కన పిట్స్‌బర్గ్ స్టార్ యెవ్‌గేనీ మాల్కిన్ దగ్గర పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ళ ఉంది. బోస్టన్ జెర్సీలో ఉన్న ఒక 41 ఏళ్ళ మనిషి అతని మీదికి వెళ్ళి, ఒంటితో ఒరుసుకుని, స్టిక్ దూర్చి ఆ పక్‌ని లాగేసుకున్నాడు. అది బ్రాడ్ మార్షాండ్‌కి చేరింది, అతను దూసుకెళ్ళి గోల్ ముందుకి అందించాడు, పాట్రిస్ బెర్జెరాన్ లోపలికి కొట్టేశాడు. మ్యాచ్ అయిపోయింది.

పక్ లాక్కున్న ఆ మనిషి యారోమీర్ యాగర్. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ దశలో, అతను 22 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు, 10 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాసులు) మాత్రం ఉన్నాయి. గోల్స్ కొట్టడమే పనిగా పెరిగిన వింగర్, తన కాలంలో ప్రపంచంలోనే గొప్ప స్కోరర్ అనిపించుకున్నవాడు సున్నా గోల్స్‌తో లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా ఆడాడంటే, పైపైన చూసేవాళ్ళకి అది ఒక ముసలి ఆటగాడి పతనంలా కనిపిస్తుంది. నిజానికి యాగర్ కెరీర్‌ని అర్థం చేసుకోవడానికి ఆ 22 మ్యాచ్‌ల కంటే మంచి చోటు ఇంకోటి లేదు. ఎందుకంటే వేగం పోయాక, గోల్స్ పోయాక, అతని దగ్గర ఏం మిగిలిందో అక్కడ తేటగా కనబడుతుంది. ఆ మిగిలిందే మొదటి నుంచీ అతని ఆటకి పునాది.

అది అర్థం కావాలంటే ముందు వింగర్ అంటే ఎవరో చెప్పుకోవాలి. మన దేశంలో ఐస్ హాకీ అంటే లద్దాఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద ఆడే ఆట, తెలుగు నేల మీద అది టీవీలో ఎప్పుడైనా కనిపిస్తే కనిపించినట్టు. ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది, చుట్టూ నడుమెత్తు చెక్క గోడలాంటి బోర్డులు, వాటిపైన అద్దం. గోలీ (గోల్‌కీపర్) కాకుండా ఒక్కో జట్టుకి ఐదుగురు మంచు మీద ఉంటారు: ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్స్. ఆ ముగ్గురిలో మధ్యవాడు సెంటర్, అటూ ఇటూ ఉండేవాళ్ళు వింగర్లు. మొత్తం 60 నిమిషాల ఆటలో పెద్ద వింగర్ అయినా సుమారు 20 నిమిషాలే ఆడతాడు. అదీ ఒక్క బిగిన కాదు, ముప్పావు నిమిషం చొప్పున వచ్చి ఊపిరాడకుండా ఆడి బెంచీకి వెళ్ళిపోతాడు. దాన్నే షిఫ్ట్ అంటారు.

వింగర్ బతుకంతా బోర్డుల పక్కనే. మధ్యలో ఆడే సెంటర్‌కి నాలుగు వైపులా ఖాళీ దొరుకుతుంది, వింగర్‌కి మాత్రం ఒక వైపు ఎప్పుడూ గోడే. సొంత జోన్‌లో డిఫెన్స్ ఆటగాడు పక్‌ని బోర్డుల వెంట కొడితే దాన్ని అందుకుని బయటికి దాటించాల్సింది వింగరే, అదే సమయంలో అవతలి డిఫెన్స్ ఆటగాడు 100 కిలోల బరువుతో దూసుకొచ్చి అతన్ని ఆ గోడకేసి నొక్కేస్తాడు. అవతలి జోన్‌లో మూలల్లోకి వెళ్ళి పక్ వెతుక్కోవాల్సిందీ ఎక్కువగా అతనే. ఇన్ని దెబ్బల మధ్య గోల్స్ కూడా కొట్టాలి. అందుకే వేగం మీద బతికే వింగర్లు ఇరవైల్లో వెలిగి, ముప్పై దాటగానే తగ్గిపోతారు. కాలు అర క్షణం ఆలస్యమైతే గోడకీ డిఫెన్స్ ఆటగాడికీ మధ్య నలిగిపోవడమే.

యాగర్ ఆ గోడనే తన ఆయుధం చేసుకున్నాడు. పక్ అందగానే ప్రత్యర్థికి ఎదురుగా తిరగడు, వీపు తిప్పుతాడు. నడుము కిందికి దించి, కాళ్ళు వెడల్పుగా పెట్టి, తుంటిని ప్రత్యర్థి ఒంటికి ఆనించి నిలబడతాడు. పక్ తన ఒంటికి అవతల, పొడవాటి స్టిక్ చివర ఎక్కడో ఉంటుంది. చాలాసార్లు స్టిక్‌ని ఒక్క చేత్తోనే పట్టుకుని, రెండో చెయ్యి అడ్డంగా పెట్టి మీద పడేవాడిని ఆపుతాడు. పక్ కావాలంటే ప్రత్యర్థి అతన్ని చుట్టి రావాలి. చుట్టి రావడం మొదలెట్టగానే యాగర్ అదే బరువుని ఆసరా చేసుకుని అటువైపు నుంచి జారిపోతాడు. కబడ్డీలో ముగ్గురు పట్టుకున్నా వాళ్ళని ఈడ్చుకుంటూ గీత దాకా వెళ్ళే రైడర్‌ని చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, పరుగు కాదు అక్కడ పనిచేసేది. వెన్ను చూపడమంటే మన భాషలో పారిపోవడం. యాగర్ మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా వెన్ను చూపించే గెలిచాడు.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది, ఆట చూడటం కొత్తగా మొదలెట్టినవాళ్ళు సాధారణంగా గమనించనిది. యాగర్ ఎడమ వాటం స్టిక్‌తో కుడి వింగ్‌లో ఆడాడు. అంటే అతని స్టిక్ బ్లేడు గోడ వైపు కాకుండా రింక్ మధ్యకి తెరుచుకుని ఉంటుంది. దీనివల్ల మధ్యకి పాస్ ఇవ్వడం, గోల్‌కి మంచి కోణంలో షాట్ కొట్టడం తేలికవుతాయి. కానీ గోడ వెంట వచ్చే పక్‌ని బ్లేడు వెనక భాగంతో అందుకోవాలి, డిఫెన్స్ ఆటగాడిని గోడ పక్క నుంచి దాటబోతే పక్ అతనికి దగ్గరగా పడుతుంది. ఒంటిని అడ్డం పెట్టడం రానివాడికి ఆ వైపు ఆడటం కష్టం. యాగర్‌కి అది చిన్నప్పుడే అబ్బింది.

ఎలా అబ్బిందంటే గుంజీలతో. 1972 ఫిబ్రవరి 15న అప్పటి చెకొస్లొవేకియాలో, ప్రాగ్‌కి దగ్గర్లో ఉన్న క్లాద్నో అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టాడు. ఏడేళ్ళ వయసు నుంచే రోజుకి వెయ్యి గుంజీలు తీసేవాడని అతని గురించి రాసిన ప్రతివాళ్ళూ చెప్తారు, అతనూ చెప్పుకున్నాడు. మన బడుల్లో గుంజీలంటే శిక్ష, ఆ పిల్లాడికి అది దినచర్య. తొడలు, తుంటి ఆ వయసులోనే గట్టిపడ్డాయి. 190 సెంటీమీటర్ల ఎత్తు, వంద కిలోలు దాటిన బరువు తర్వాత వచ్చి చేరాయి. 16 ఏళ్ళకే క్లాద్నో పెద్ద జట్టులో మగాళ్ళతో కలిసి ఆడుతున్నాడు.

జెర్సీ మీది 68 వెనక ఇంటి కథ ఉంది. అతని తాత పొలం కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కుంది, ఆయన జైలుకి కూడా వెళ్ళాడు, 1968లో చనిపోయాడు. అదే 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చి అప్పుడే చిగురిస్తున్న స్వేచ్ఛని తొక్కేశాయి. యాగర్ ఆ ఏడాదిని వీపు మీద వేసుకుని జీవితమంతా తిరిగాడు. అదృష్టం ఏమిటంటే, 1989 చివర్లో ఆ ప్రభుత్వమే పడిపోయింది. అంతకుముందు చెక్ ఆటగాళ్ళు అమెరికాలో ఆడాలంటే దొంగచాటుగా దేశం వదిలి పారిపోవాలి, మళ్ళీ అమ్మానాన్నల్ని చూస్తారో లేదో తెలియదు. 1990 జూన్‌లో వాంకూవర్‌లో జరిగిన డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమానికి, యాగర్ మామూలు ప్రయాణికుడిలా విమానం ఎక్కి వెళ్ళాడు. అలా పారిపోకుండా డ్రాఫ్ట్‌కి హాజరైన మొదటి చెకొస్లొవేకియా ఆటగాడు అతనే. పిట్స్‌బర్గ్ అతన్ని ఐదో స్థానంలో తీసుకుంది.

పిట్స్‌బర్గ్ అంటే అమెరికా తెలుగువాళ్ళకి పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. హాకీ జనానికి మాత్రం ఆ ఊరు పెంగ్విన్స్ పెద్ద స్టార్ మారియో లెమ్యూది. అక్కడికి వచ్చిన 18 ఏళ్ళ కుర్రాడికి ఇంగ్లీషు రాదు, మాట్లాడటానికి మనిషి లేడు, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు. ఆ బెంగ ఆటలో కనిపించేసరికి క్లబ్బు డిసెంబరులో యిర్జి హర్దినా అనే అనుభవజ్ఞుడైన చెక్ ఆటగాడిని కాల్గరీ నుంచి తెచ్చి పక్కన పెట్టింది. ఆట ఎంత వచ్చినా, పక్కన సొంత భాష మాట్లాడే ఒక్కడు లేకపోతే మనిషి నిలబడలేడని ఆ క్లబ్బుకి అర్థమైంది. ఆ నిర్ణయం లేకపోతే ఈ కథ ఏమయ్యేదో చెప్పడం కష్టం. కుర్రాడు తేరుకున్నాడు, మొదటి సీజన్లో 27 గోల్స్, 57 పాయింట్లు చేశాడు (గోల్‌కి ఒకటి, అసిస్టుకి ఒకటి చొప్పున లెక్క). జట్టు 1991లో స్టాన్లీ కప్ గెలిచింది, 1992లో మళ్ళీ గెలిచింది.

1992 ఫైనల్ మొదటి మ్యాచ్‌లో షికాగో మీద అతను కొట్టిన గోల్‌ని ఇప్పటికీ తిప్పి తిప్పి చూపిస్తారు. పిట్స్‌బర్గ్ 1-4తో వెనకబడి, 3-4 దాకా వచ్చింది. చివరి ఐదు నిమిషాల్లో యాగర్ బోర్డుల దగ్గర పక్ తీసుకుని, ఒకడి తర్వాత ఒకడిని తప్పించుకుంటూ మధ్యలోకి వచ్చి, బ్యాక్‌హ్యాండ్‌తో షికాగో గోలీ ఎడ్ బెల్‌ఫోర్‌ని దాటించాడు. 13 సెకన్లు ఉండగా లెమ్యూ కొట్టిన గోల్‌తో 5-4. ఆ వీడియోలో అందరూ చూసేది చేతి మాయాజాలం, ఎగిరే పొడవాటి జుట్టు. నెమ్మదిగా చూస్తే వేరే విషయం కనబడుతుంది, అతను మలుపు తిరిగిన ప్రతిసారీ ఒంటిని పక్‌కీ ప్రత్యర్థికీ మధ్యకి తెస్తున్నాడు. మెరుపు అందరికీ కనిపించింది, కింద కాళ్ళు చేసే పని కొద్దిమందికే కనిపించింది.

లెమ్యూ నీడలో ఉన్నంతకాలం అతన్ని ‘రెండోవాడు’ అనే చూశారు. పేరులోని ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ‘మారియో జూనియర్’ వస్తుందని కూడా కనిపెట్టారు. 1994-95లో లాకౌట్‌తో (ఆటగాళ్ళతో ఒప్పందం కుదరక యజమానులు ఆట ఆపేయడంతో) కుదించిన 48 మ్యాచ్‌ల సీజన్‌లో 70 పాయింట్లు చేసి, ఎరిక్ లిండ్రోస్‌తో సమానమైనా గోల్స్ ఎక్కువ ఉండడంతో స్కోరింగ్ కిరీటం, అంటే ఆర్ట్ రాస్ ట్రోఫీ గెలిచాడు. ఐరోపాలో ఆట నేర్చుకుని అది గెలిచిన మొదటివాడు అతనే. తర్వాతి ఏడాది 62 గోల్స్, 87 అసిస్టులు, మొత్తం 149. రైట్ వింగర్లలో అప్పటిదాకా ఎవరూ అంత దూరం వెళ్ళలేదు.

అయితే 149 కంటే ఎక్కువగా మాట్లాడుకోవాల్సిన అంకె 102. అదీ 1997-98 సీజన్‌లో. ఆ ఏడాది లీగ్ మొత్తంలో వంద పాయింట్లు దాటినవాడు యాగర్ ఒక్కడే. ఎందుకంటే తొంభైల మధ్యకొచ్చేసరికి ఆట మారిపోయింది. 1992-93లో ఒక మ్యాచ్‌కి రెండు జట్లూ కలిపి సగటున 7కి పైగా గోల్స్ పడేవి, ఐదేళ్ళలో అది 5 చిల్లరకి దిగిపోయింది. కోచ్‌లు రింక్ మధ్యలో వల పన్నడం నేర్చారు, గోలీలు పెద్ద ప్యాడ్లతో మెరుగయ్యారు, అన్నిటికంటే ముఖ్యంగా స్టిక్‌తో నడుము పట్టి లాగడం, చేతులతో పట్టేయడం మామూలైపోయి రిఫరీలు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేసేవారు. వేగం మీద ఆధారపడిన స్కోరర్లందరికీ కాళ్ళకి బంధం వేసినట్టయింది. ఆ కాలంలో, 1998 నుంచి 2001 దాకా వరుసగా నాలుగేళ్ళు యాగర్ స్కోరింగ్ కిరీటం గెలిచాడు. పట్టుకుని లాగడం అందరినీ ఆపింది, పట్టుకున్నవాడిని కూడా మోసుకుంటూ ఆడేవాడిని మాత్రం ఆపలేకపోయింది. 1999-2000లో గాయాలతో 63 మ్యాచ్‌లే ఆడి 96 పాయింట్లు చేశాడు, 80 ఆడినవాళ్ళు కూడా అతన్ని అందుకోలేదు. అతని కెరీర్‌లో అత్యున్నత దశ ఏదంటే ఈ నాలుగేళ్ళనే చూపించాలి, 149 చేసిన ఏడాదిని కాదు. తెరిచిన మైదానంలో చాలామంది కొట్టారు, మూసేసిన మైదానంలో కొట్టినవాడు ఒక్కడే.

1998లో నగానో ఒలింపిక్స్‌లో చెక్ జట్టు బంగారు పతకం గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళు వెళ్ళిన మొదటి ఒలింపిక్స్ అది, అమెరికానీ కెనడానీ దాటి, ఫైనల్లో రష్యాని 1-0తో ఓడించారు. గోలీ దొమినిక్ హాషెక్ దాన్ని గెలిపించాడనడమే న్యాయం, యాగర్ అందులో ఒక భాగం. కానీ 68 నంబరు వేసుకున్నవాడికి ఆ ఫైనల్ రష్యా మీద కావడం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

1999 ప్లేఆఫ్స్ గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. పెంగ్విన్స్ క్లబ్బు అప్పటికి దివాలా కోర్టులో ఉంది. ఆడిన కాలంలో ఇవ్వకుండా వాయిదా వేసిన జీతం తాలూకు పెద్ద బాకీ లెమ్యూకి రావాలి, అతను ఆ బాకీనే వాటాగా మార్చుకుని క్లబ్బుని కొనాలని చూస్తున్నాడు. జట్టు ఊరు వదిలిపోతుందేమో, మూతపడుతుందేమో అన్న టెన్షన్ ఊరంతా ఉంది. మొదటి రౌండులో ఎదురుగా టాప్ జట్టు న్యూజెర్సీ డెవిల్స్. యాగర్ గజ్జల కండరం దెబ్బతిని నాలుగు మ్యాచ్‌లు కూర్చున్నాడు. ఆరో మ్యాచ్ ఓడితే సీజన్ ముగిసినట్టే, సగం కాలుతో దిగాడు. రెండు నిమిషాల చిల్లర ఉండగా స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా తనే కొట్టాడు. ఏడో మ్యాచ్ కూడా గెలిచి జట్టు రెండో రౌండుకి వెళ్ళింది, ఆ రౌండు సొంత మైదానం టికెట్ల డబ్బు క్లబ్బుకి అందింది, ఆ ఏడాదే లెమ్యూ చేతికి క్లబ్బు వచ్చింది. ఒక ఆటగాడు క్లబ్బుని కాపాడాడని ఊరికే అంటుంటారు, ఇక్కడ ఆ మాటకి లెక్క ఉంది.

ఆ సీజన్‌కే లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ వచ్చింది. అలాంటివాడిని 2001 జూలైలో పిట్స్‌బర్గ్ వాషింగ్టన్‌కి ఇచ్చేసింది, జీతం భరించలేక. బదులుగా వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళలో ఎవరూ స్టార్ కాలేదు. వాషింగ్టన్ అతనికి ఏడేళ్ళకి 7 కోట్ల 70 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసింది, అప్పటికి లీగ్ చరిత్రలోనే అతి పెద్దది.

అక్కడి రెండున్నరేళ్ళని అభిమానులు తొందరగా దాటేస్తారు, దాటకూడదు. 79 పాయింట్లు, తర్వాత 77. వేరే ఎవరికైనా ఇవి మంచి అంకెలే, అతనికి కావు. జట్టు మొదటి ఏడాది ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు, రెండో ఏడాది మొదటి రౌండులో పోయింది. వయసు ముప్పై, ఒళ్ళు గట్టిగానే ఉంది. లోపించింది చుట్టూ ఉండే అల్లిక. యాగర్ పద్ధతిలో పక్ అతని దగ్గర మూడు నాలుగు సెకన్లు ఎక్కువ ఉంటుంది, ఆ సెకన్లలో మిగతావాళ్ళు ఖాళీలోకి జరగాలి, ఎప్పుడు జరగాలో కళ్ళతోనే అర్థం చేసుకోవాలి. లేకపోతే మూలలో ఒక్కడు పక్ పట్టుకుని నిలబడి ఉంటాడు, నలుగురు చూస్తుంటారు. మనసు కూడా అక్కడ లేదని ఆటలో కనిపించింది, ఆ తప్పు అతనిదే. 2004 జనవరిలో వాషింగ్టన్ జీతంలో కొంత తనే భరిస్తూ మరీ న్యూయార్క్ రేంజర్స్‌కి పంపించేసింది.

రేంజర్స్‌లో జరిగింది ఈ వాదనకి బలమైన సాక్ష్యం. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో కొట్టుకుపోయింది, అతను సొంతూరు క్లాద్నోలో, తర్వాత రష్యాలోని ఓమ్స్క్‌లో ఆడి, ఆ వసంతంలో చెక్ జట్టుతో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఒలింపిక్ బంగారం, ప్రపంచ చాంపియన్‌షిప్, స్టాన్లీ కప్ మూడూ ఉన్న కొద్దిమందిలో చేరాడు. లాకౌట్ తర్వాత లీగ్ పట్టుకుని లాగడం మీద గట్టిగా కొరడా ఝళిపించింది. రేంజర్స్ అతని చుట్టూ చెక్ ఆటగాళ్ళని పేర్చింది, 1990లో హర్దినాతో పిట్స్‌బర్గ్ చేసిన పనే, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున. వీపు మీద వాలేవాళ్ళ చేతులు కట్టేశారు, పక్ పట్టుకుని నిలబడితే ఎటు జరగాలో తెలిసినవాళ్ళు పక్కన ఉన్నారు. 34వ ఏట 54 గోల్స్, 69 అసిస్టులు, 123 పాయింట్లు. రెండూ, అంటే గోల్స్, పాయింట్లు, రేంజర్స్ క్లబ్బు రికార్డులే. 1997 తర్వాత రేంజర్స్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. కిరీటం మాత్రం రెండు పాయింట్ల తేడాతో జో థార్న్‌టన్‌కి పోయింది.

2008లో, 36 ఏళ్ళప్పుడు, కొత్తగా మొదలైన రష్యన్ లీగ్ కేహెచ్‌ఎల్‌కి, అదే ఓమ్స్క్ జట్టుకి వెళ్ళిపోయాడు. మూడేళ్ళు అక్కడే. ఆ మొదటి అక్టోబరులోనే చెఖోవ్ అనే ఊళ్ళో మ్యాచ్ జరుగుతుండగా, 19 ఏళ్ళ సహచరుడు అలెక్సీ చెరెపానోవ్ బెంచీ మీద యాగర్ పక్కనే కూర్చుని ఉండగానే కుప్పకూలిపోయాడు, బతకలేదు. రేంజర్స్ డ్రాఫ్ట్ చేసిన కుర్రాడు, యాగర్ కింద ఆట నేర్చుకుంటున్నవాడు. ఆ రాత్రిని ఏ కెరీర్ విశ్లేషణలోనూ ఏ గడిలోనూ పెట్టలేం, అలాగని వదిలేసి ముందుకీ వెళ్ళలేం.

అంకెల మనుషులు ఆ మూడేళ్ళ గురించి బాధపడుతుంటారు, మూడు లాకౌట్ల నష్టం కూడా కలిపి. ఆ సీజన్లన్నీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడి ఉంటే లెక్కలు ఎక్కడికో వెళ్ళేవి, నిజమే. లీగ్ రికార్డు అయిన వేన్ గ్రెట్‌స్కీ 2,857 పాయింట్లకి మాత్రం ఎవరూ దగ్గర కాలేరు, ఎన్ని సీజన్లు కలిపినా.

2011లో 39 ఏళ్ళతో అతను తిరిగొచ్చినప్పుడు చాలామంది వీడ్కోలు యాత్ర అనుకున్నారు. పిట్స్‌బర్గ్ రమ్మంది, అతను అదే రాష్ట్రంలోని బద్ధశత్రువు ఫిలడెల్ఫియాతో సంతకం చేశాడు, దాంతో అతను పక్ ముట్టుకున్నప్పుడల్లా పాత ఊరు గోల చేసింది. ఆ తర్వాత డల్లాస్, అక్కడి నుంచి సీజన్ మధ్యలో బోస్టన్, మళ్ళీ న్యూజెర్సీ, ఫ్లోరిడా, కాల్గరీ. డల్లాస్, న్యూజెర్సీ రెండూ మనవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళుగా ఉన్న చోట్లు, కళ్ళ ముందే ఇంత చరిత్ర ఆడుతున్నా చూడని ఇళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి. అన్నీ చిన్న కాంట్రాక్టులే, ఎక్కువగా ఒక్కో ఏడాదికి. ఒకప్పుడు ఏడేళ్ళ కాంట్రాక్టు మోసినవాడు ఇప్పుడు ప్రతి వేసవిలో మళ్ళీ నిరూపించుకోవాలి. వాషింగ్టన్ రోజులతో పోలిస్తే అతనికి ఇదే బాగా సరిపోయిందనిపిస్తుంది.

ఈ దశలో అతని రాత్రి ప్రాక్టీసులు పేరుపొందాయి. మ్యాచ్ అయిపోయి జనం ఇళ్ళకి వెళ్ళాక, బరువులు కుట్టిన జాకెట్ వేసుకుని, ఒక్కోసారి కాళ్ళకీ బరువులు కట్టుకుని ఖాళీ రింక్‌లో తిరిగేవాడు. 40 దాటినవాడు విశ్రాంతి తీసుకోవాలి కదా అని ట్రైనర్లు అనొచ్చు. అతని లెక్క వేరు: ఒళ్ళు ఒకసారి ఆగితే మళ్ళీ మొదలవ్వదు. పరుగు పందెంలో కుర్రాళ్ళని గెలవలేనని తెలుసు, కాబట్టి తుంటి బలం తగ్గకుండా చూసుకోవడమే మిగిలిన పని. ఏడేళ్ళప్పుడు తీసిన గుంజీలకి అది కొనసాగింపు.

ఫలితం కూడా కళ్ళ ముందే ఉంది. 2013-14లో న్యూజెర్సీ తరఫున 82 మ్యాచ్‌లూ ఆడి 67 పాయింట్లతో జట్టులో అందరికంటే ముందున్నాడు, ఆ సీజన్ మధ్యలో 42 నిండాయి. 2015 జనవరిలో హ్యాట్రిక్ కొట్టాడు, లీగ్ చరిత్రలో ఆ వయసులో ఎవరూ కొట్టలేదు. 2015-16లో ఫ్లోరిడాలో 20 ఏళ్ళ అలెగ్జాండర్ బార్కోవ్, 22 ఏళ్ళ జొనథన్ యూబర్డోలతో ఒకే లైనులో ఆడి 27 గోల్స్, 66 పాయింట్లు చేశాడు. వాళ్ళిద్దరికీ తండ్రి వయసు. పరుగెత్తేది వాళ్ళు, మూలలో పక్ కాపాడి వాళ్ళు చేరేదాకా ఆగేది అతను. బార్కోవ్ తర్వాత అదే జట్టుకి కెప్టెన్ అయి స్టాన్లీ కప్ ఎత్తాడు. అతను గోడ దగ్గర పక్‌ని ఒంటి చాటున దాచుకునే తీరు చూస్తే ఆ లైను గుర్తు రాక మానదు.

2016 డిసెంబరు 22న మార్క్ మెసియర్‌ని దాటి లీగ్ పాయింట్ల జాబితాలో రెండో స్థానానికి చేరాడు. తర్వాతి ఫిబ్రవరిలో, సరిగ్గా 45వ పుట్టినరోజున, 1,900వ పాయింటు. మొత్తానికి 1,733 మ్యాచ్‌లు, 766 గోల్స్, 1,155 అసిస్టులు, 1,921 పాయింట్లు. కాల్గరీలో మాత్రం కథ నడవలేదు, గాయాలతో 22 మ్యాచ్‌లే ఆడి ఒక్క గోల్ కొట్టాడు, 2018 జనవరిలో ఎన్‌హెచ్‌ఎల్ ముగిసింది. దానికి కారణం వయసు ఒక్కటే కాదు. అప్పటికి ఆట మళ్ళీ మారింది: డిఫెన్స్‌లో భారీ మనుషుల స్థానంలో చిన్నగా, చురుగ్గా స్కేట్ చేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళు మీద వాలి బరువు వెయ్యరు, దూరంగా ఉండి స్టిక్‌తో పక్‌ని తప్పిస్తారు. ఆనుకోవడానికి ఒళ్ళు దొరక్కపోతే యాగర్ పద్ధతికి ఊతం ఉండదు.

అక్కడి నుంచి క్లాద్నోకి. ఆ క్లబ్బు 2011లోనే అతని చేతికి వచ్చింది, అంటే అప్పట్లో ఆడేవాడూ అతనే, జీతాలిచ్చేవాడూ అతనే. చిన్న ఊరి క్లబ్బు, పై లీగ్‌కీ కింది లీగ్‌కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అతను మంచు మీద ఉంటే జనం వచ్చేవారు, స్పాన్సర్లు వచ్చేవారు, లేకపోతే వచ్చేవారు కాదు. 2019లో పై లీగ్‌కి ఎక్కించే మ్యాచ్‌లో 47 ఏళ్ళ యజమాని నాలుగు గోల్స్ కొట్టాడు. మళ్ళీ దిగింది, 2021లో మళ్ళీ ఎక్కింది.

2024 ఫిబ్రవరి 18న పిట్స్‌బర్గ్ 68 నంబరుని శాశ్వతంగా అతనికే ఇచ్చి అరీనా పైకప్పుకి ఎత్తింది. క్లబ్బు చరిత్రలో అలా ఎత్తిన నంబర్లు మూడే, అందులో ఒకటి లెమ్యూది. 2011లో గోల చేసిన ఊరే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మ్యాచ్ ముందు వార్మప్‌కి పెంగ్విన్స్ ఆటగాళ్ళందరూ 68 జెర్సీలు, అతని పాత పొడవాటి జుట్టు లాంటి విగ్గులు పెట్టుకుని దిగారు, వాళ్ళ మధ్యలో 52 ఏళ్ళ యాగర్ కూడా స్కేట్లు కట్టుకుని తిరిగాడు. మామూలుగా ఇలాంటి వేడుక ఆట మానేసినవాళ్ళకి చేస్తారు. అతను ఆ తర్వాత క్లాద్నోకి తిరిగి వెళ్ళాడు, 2024-25 సీజన్‌లో కూడా ఆడాడు.